బడి పెట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు

నెలాఖరు వచ్చిందంటే నాకు గుండె దడ. విజయవాడలో ఆడపిల్లల హాస్టలున్న ఒక బడిలో ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే ఉద్యోగం నాది. బియ్యం కొట్టు బాకీ, కరెంటు బిల్లు, వంటమనిషి జీతం, ఫీజు కట్టని పిల్లల జాబితా... అన్నీ ఒక్కసారే బల్ల మీదికొస్తాయి. కిందటేడు అలాంటి ఒక సాయంత్రం, మూడు నెలల ఫీజు బాకీపడ్డ పదో తరగతి పిల్లను ఇంటికి పంపెయ్యమని చీటీ రాసి సంతకం పెట్టాను. మర్నాడు ఆ పిల్ల నోరెత్తకుండా పెట్టె సర్దుకుంటుంటే చూడలేక, ఆ చీటీ నేనే చింపేశాను. మరి డబ్బెక్కణ్ణించి తేవాలి? అదే ఆలోచిస్తూ కూర్చుంటే ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు గుర్తొచ్చారు.

ఉన్నవ అనగానే మనందరికీ మాలపల్లి నవలా, అది రాసిన లక్ష్మీనారాయణగారూ గుర్తొస్తారు. ఆయన భార్య కూడా ఆ రోజుల్లో పేరున్న మనిషేనని మనలో ఎందరికి తెలుసు?

1882లో పుట్టిన లక్ష్మీబాయమ్మగారికి అప్పటి ఆచారం ప్రకారం చిన్నతనంలోనే పెళ్లయింది. 1902లో భార్యాభర్తలిద్దరూ గుంటూరులో వితంతు శరణాలయం ప్రారంభించారు. వీరేశలింగం పంతులుగారి బాటలో వితంతు వివాహాలు జరిపించారు. అయినవాళ్లే గుమ్మం తొక్కనివ్వని ఆడవాళ్లను తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం ఆ కాలంలో ఎంత సాహసమో మీరే ఊహించుకోండి. ఉపన్యాసం గంటలో అయిపోతుంది. దిక్కులేక వచ్చినామెకు మాత్రం రోజూ రెండు పూటలా అన్నం, కట్టుకోను బట్ట, చెయ్యను పని చూడాలి. సంస్థ నడపడమంటే ఏమిటో ఆవిడకు అక్కడే తెలిసి ఉంటుందని నాకనిపిస్తుంది.

1913లో లక్ష్మీనారాయణగారు బారిష్టరు చదువుకు డబ్లిన్ వెళ్లారు. తిరిగొచ్చాక స్వరాజ్య ఉద్యమంలో దిగారు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహం సందర్భంలో ఆయన్ను జైల్లో పెట్టారు. మాలపల్లి రాసింది రాయవేలూరు జైల్లోనే. ఆ పుస్తకాన్ని తర్వాత ప్రభుత్వం నిషేధించింది కూడా.

గుంటూరులో శారదా నికేతనం వెలిసింది కూడా ఆ రోజుల్లోనే, 1922లో. ఆడపిల్లలకు, ముఖ్యంగా పేదవాళ్లకూ వితంతువులకూ చదువు చెప్పడం దాని ఉద్దేశం. భాషలతోబాటు చేతిపనులు కూడా నేర్పేవారు. బయటికి వెళ్లాక ఎవరి పంచనా పడి ఉండనక్కర్లేకుండా బతకాలని! సహాయ నిరాకరణ రోజుల్లో పుట్టిన జాతీయ విద్యాలయం కాబట్టి సర్కారు మీద ఆశ పెట్టుకునే వీల్లేదు. విరాళాలే ఆధారం. వాటికోసం లక్ష్మీబాయమ్మగారు స్వయంగా తిరిగేవారు.

విరాళాలతో బడి నడపడమంటే మాటలా! మన డెల్టాలో పంట చేతికొచ్చినప్పుడే నాలుగు డబ్బులు కనిపిస్తాయి. పిల్లలకేమో ఆకలి రోజూ వేస్తుంది. సంక్రాంతికి వచ్చిన సొమ్ము శ్రావణం దాకా సరిపెట్టాలి. ఇచ్చినవాళ్లు వచ్చే ఏడు మళ్లీ ఇవ్వాలంటే ప్రతి అణాకూ లెక్క చూపించగలగాలి. పైగా అది ఆడపిల్లల హాస్టలు. చిన్న మాట వచ్చినా ఎవరూ పిల్లల్ని పంపరు. డబ్బు ఎలాగో పుట్టినా, పోయిన నమ్మకం పుట్టదు.

అంతటితో ఊరుకున్నారా? 1930లో ఉప్పు సత్యాగ్రహంలో ఆవిడా జైలుకెళ్లారు. ఇక్కడే నాకు ఆశ్చర్యం వేస్తుంది. నేను రెండ్రోజులు సెలవు పెడితే తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో మా బడిలో ఎవరికీ తెలీదు! నడిపే మనిషి జైల్లో ఉన్నా సంస్థ చెదిరిపోలేదంటే, ఇంకొకరికి పని నేర్పి పెట్టారన్నమాటేగా. లక్ష్మీబాయమ్మగారు 1956లో కన్నుమూశారు, లక్ష్మీనారాయణగారు 1958లో. శారదా నికేతనం వాళ్ల తర్వాత కూడా నిలబడింది.

ఇంతకీ మా పిల్ల సంగతి చెప్పలేదు కదూ! సిగ్గు పక్కనపెట్టి, మా బడిలో చదివి ఉద్యోగాల్లో ఉన్న ఆడపిల్లల ఇళ్లకు వెళ్లాను. అడగడానికి మొదటి రోజు నోరు రాలేదు. ఒకమ్మాయి కాఫీ ఇచ్చి, నేనడక్కముందే సంగతేమిటని అడిగింది. ఆ నెల అయిదుగురు కలిసి ఫీజు కట్టారు. ఎవరెంత ఇచ్చారో, దేనికి ఖర్చయిందో ఒక నోటుపుస్తకంలో రాసి అందరికీ చూపించాను. తాళంచెవుల సంగతి కూడా ఇంకొకావిడకు చెప్పి ఉంచాను.

ఆ పిల్ల పరీక్ష రాసింది, పాసయింది. బియ్యం కొట్టు బాకీ మాత్రం ఇంకా కొంత ఉంది.