లిండ్లీ మర్రే

ఆంగ్లవ్యాకరణమును బడిపిల్లల కందునట్లు రచించిన లిండ్లీ మర్రే 1745వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియాయందు జన్మించెను. న్యూయార్కులో న్యాయవాదియై ధన మార్జించి, దేహబలము క్షీణింపఁగా 1784లో ఇంగ్లాండునకుఁ బోయి, యార్కు నగరసమీపమున హోల్గేటునందు నివసించెను. నడచుటకు శక్తి లేకున్నను వ్రాఁత మానలేదు.

క్వేకరు బాలికల పాఠశాల ఉపాధ్యాయినులు కోరఁగా 1795లో వ్యాకరణమును, 1797లో అభ్యాసగ్రంథమును బ్రకటించెను. ఈ రెండవదానిలోఁ దప్పు వాక్యముల నిచ్చి విద్యార్థులచేతనే దిద్దించుట యాయన పద్ధతి. మాకు నేఁటికిని ప్రాణసంకటమైన యభ్యాస మిదియే!

గతమున ముగిసిన పనిని, అప్పటికి ముగియక జరుగుచుండిన పనిని ఆయన యొక్క భూతకాలముక్రిందనే చేర్చెను. నేఁటి పుస్తకములు వానిని వేఱుపఱచుచున్నవి. ఈ విషయమున మేము నేఁటివారి పక్షమే. గంట మ్రోగినపుడు వ్రాయుచుంటి మనుటకు మాఱుగా వ్రాసితి మని యాంగ్లమునఁ జెప్పినచో, గంట విన్న పిమ్మటనే కలము పట్టిన ట్లగును. తెనుఁగున నీ భేదమును దడుముకొనకయే పాటించు మేము పరీక్షాపత్రమునఁ దడఁబడుచున్నాము.

మర్రే గ్రంథములు లక్షలకొలఁది ప్రతులు చెల్లెను. వానివలన వచ్చిన ధనమును ధర్మకార్యములకే యిచ్చెను. తుది సంవత్సరములలో ఇల్లు వెడలలేక, 1826లో హోల్గేటునందే మరణించెను.