గ్యాప్ తర్వాతే గొప్ప పని!

ఏ జాబ్ నోటిఫికేషన్ తెరిచినా అర్హత, పరీక్ష, జీతం, హోదా అన్నీ రాసే ఉంటాయి. మనకిది మామూలే. అసలు ఆఫీసులు ఇలా రూల్స్ మీద ఎందుకు నడుస్తాయో లోతుగా ఆలోచించిన వ్యక్తి మాక్స్ వెబర్. ఆయన కథ మీరు తెలుసుకోవాల్సిందే.

1864లో జర్మనీలోని ఎర్ఫర్ట్‌లో పుట్టారు. లా చదివారు. 30 ఏళ్లకే ఫ్రైబర్గ్‌లో ప్రొఫెసర్ అయ్యారు, ఆపై హైడల్‌బర్గ్‌కు మారారు. 1897లో తండ్రితో పెద్ద గొడవైంది. మళ్లీ కలిసేలోపే తండ్రి పోయారు. వెబర్ కుంగిపోయారు. నిద్ర పట్టేది కాదు, క్లాసు చెప్పలేకపోయేవారు. చివరికి 1903లో ఉద్యోగం వదిలేశారు.

మన భాషలో అది కెరియర్ గ్యాప్. కానీ ఆయన పేరు నిలబెట్టిన రచనలు ఎక్కువగా ఆ తర్వాతే వచ్చాయి. ఆధునిక ఆఫీసులో ఎవరి మనిషివన్నది కాదు, అర్హతే చూడాలన్నారు. అవే రూల్స్ మనిషికి పంజరంగానూ మారొచ్చని హెచ్చరించారు.

1920లో న్యుమోనియాతో 56 ఏళ్లకే కన్నుమూశారు. మిగిలిన రాతప్రతులను భార్య మరియాన్నె పుస్తకంగా తెచ్చారు. 1983లో డిమాజియో, పావెల్ ఆ పంజరం దగ్గరే మొదలుపెట్టి, సంస్థలన్నీ ఒకదాన్నొకటి ఎందుకు పోలి ఉంటాయో వివరించారు.

నిజమే, వెబర్‌కు కుటుంబ ఆస్తి అండ ఉంది. మీకు ఉండకపోవచ్చు. అయినా ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే తల దించుకోకండి. ఆ రోజుల్లో ఏం నేర్చుకున్నారో చెప్పండి.