ఏ రేవున దిగవలెను?
అదోనీరాము జడ్సన్ దొరగారి జీవితము నుండి ఒక పాఠము

ధ్యాన భాగములు: యాకోబు 4:13–15, హెబ్రీ 13:14



గడచిన కోతల కాలములో మా సంఘములోని ఒక కుటుంబమువారు ప్రార్థన కొరకు మా యింటికి వచ్చిరి. వారి పెద్ద కుమారునికి విశాఖపట్నములో ఒక పనియు, చెన్నపట్నములో ఒక పనియు దొరకునట్లున్నది. ఇల్లంతయు కదలి కుమారునితో పోవలెనని వారి తలంపు. ఒక పట్టణములో జీతము ఎక్కువ. రెండవదానిలో బంధువులు కలరు. రెండును సముద్రపు ఒడ్డు పట్టణములే గదా, అయ్యగారూ, దేవుడు దేనిని చూపుచున్నాడో మీరు ప్రార్థించి చెప్పవలెనని తండ్రి అడిగెను. మేము వారితో మోకరించి ప్రార్థించితిమి గాని, ఫలాని పట్టణమునకు పొండని చెప్పుటకు మాకు నోరు రాలేదు.

ఆ రాత్రి మాకు జ్ఞాపకమునకు వచ్చినది జడ్సన్ దొరగారి చరిత్ర. ఆయన చెరసాలలో పడిన శ్రమలను గూర్చి మన సంఘములలో పెద్దలు చెప్పగా వినియున్నాము. అయితే రేవు పట్టణములను ఏర్పరచుకొనుటలో ఆయన పడిన పాట్లను గూర్చి చెప్పువారు తక్కువ. కావున ఈ నెల ఆ సంగతిని వ్రాయుచున్నాము.

జడ్సన్ దొరగారు 1788 ఆగస్టు 9వ తేదీన అమెరికాలోని మస్సాచుసెట్స్ రాష్ట్రమందు మాల్డెన్ అను ఊరిలో పుట్టెను. తండ్రి పాదిరి. కుమారుడు మిక్కిలి తెలివిగలవాడై, యౌవనములో కొంతకాలము విశ్వాసమును విడిచి, మరల ప్రభువు నొద్దకు వచ్చెను. 1812 ఫిబ్రవరి 5న ఆన్ అను యువతిని వివాహమాడి, మరునాడు అభిషేకము పొంది, ఆ నెలలోనే సేలం రేవున ఓడయెక్కి కలకత్తాకు బయలుదేరెను. ప్రయాణములో బాప్తిస్మమును గూర్చి లేఖనములను పరిశోధించి తన అభిప్రాయమును మార్చుకొని, కలకత్తాలో ముంచుడు బాప్తిస్మము తీసికొనెను. దీని ఫలితముగా 1814లో అమెరికా బాప్తిస్టులు ఒక మిషను సంఘమును స్థాపించిరి. ఆ సంఘమే 1835లో సామ్యేల్ డే దొరగారిని మన తెలుగువారి యొద్దకు పంపెను. కావున ఆయన చరిత్ర మనకు పరాయిది కాదు.

కలకత్తాలో ఈస్టిండియా కంపెనీవారు ఆయనను ఉండనియ్యలేదు. దేశము విడిచిపొమ్మని ఆజ్ఞయాయెను. దంపతులు మారిషస్ ద్వీపమునకు పోయి, అచ్చట కొన్ని నెలలుండి, మలయా తీరమందలి పినాంగునకు పోవలెనని నిశ్చయించుకొనిరి. ఆ దారిలో 1813 జూన్‌లో మద్రాసులో దిగిరి. పినాంగు ఇంగ్లీషువారి యేలుబడిలోని రేవు; అచ్చట ప్రాణభయము లేదు. అయితే మద్రాసు రేవులో పినాంగునకు పోవు ఓడ ఒక్కటియు లేదు. ఆలస్యము చేసిన యెడల కంపెనీవారు పట్టుకొని ఇంగ్లాండునకు పంపుదురను భయము. రేవులో సిద్ధముగా నున్నది రంగూనునకు పోవు ఒక పాత ఓడ మాత్రమే. రంగూను బర్మా రాజు దేశము. ఆ పేరు చెప్పినప్పుడు అందరును భయపడుచుండిరి. అయినను వేరు దారి లేక దానినే యెక్కిరి. ఆ ప్రయాణములో దొరసానిగారికి చనిపోయిన బిడ్డ పుట్టెను. ఆమెయు మరణము దాకా వెళ్లి తిరిగివచ్చెను. 1813 జూలై 13న రంగూనులో దిగిరి.

కోరిన రేవు పినాంగు. దొరికిన రేవు రంగూను. తరువాత ఆయన తన జీవితమంతయు ఆ బర్మా జనుల కొరకే వ్యయపరచెను. భాష నేర్చుకొనుటకే సంవత్సరములు పట్టినవి. మొదటి విశ్వాసియైన మౌంగ్ నౌ బాప్తిస్మము పొందినది 1819 జూన్ 27న, అనగా దిగిన ఆరు సంవత్సరములకు. యుద్ధమునకు ముందు అచ్చటి చిన్న సంఘములో 18 మంది యుండిరి.

1824లో ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము కలిగెను. అప్పటికి రాజధానియైన ఆవాలో నున్న జడ్సన్ దొరగారిని వేగులవాడని యెంచి, జూన్ 8న పట్టి సంకెళ్లు వేసి చెరసాలలో పెట్టిరి. దొరసానిగారు గర్భవతియై యుండియు, తరువాత చంకబిడ్డతోను, అధికారుల వాకిండ్ల చుట్టు తిరిగి భర్తను బ్రదికించుకొనెను. బర్మా భాషలోని క్రొత్త నిబంధన వ్రాతప్రతిని ఒక తలగడలో కుట్టి ఆయన యొద్దకు చేర్చెను. 1826 ఫిబ్రవరిలో సంధి జరిగినది. ఆయన విడుదలయై భార్యతోను, మరియ అను చిన్నబిడ్డతోను రంగూనునకు తిరిగి వచ్చెను.

ఇప్పుడు రెండవసారి ప్రశ్న వచ్చెను: ఏ పట్టణములో కాపురముండవలెను? రంగూనులో తాము కష్టపడి కట్టిన పని చెదరిపోయినది. నలుగురు విశ్వాసులు మాత్రము దగ్గర నిలిచిరి. ఊరు పాడైపోయెను, కరవు వచ్చెను. ఇంగ్లీషు సేనలు త్వరలో ఆ ఊరిని మరల రాజున కప్పగించునవి. అటుపిమ్మట విశ్వాసులకు కాపుదల యుండదు. దక్షిణమున సంధివలన ఇంగ్లీషువారికి వచ్చిన తీరములో, సాల్వీన్ నది సముద్రములో కలియు చోట, క్రాఫర్డు దొర ఒక క్రొత్త పట్టణమును ఏర్పరచి దానికి ఆమ్హర్‌స్టు అని పేరు పెట్టెను. ఆ స్థలమును చూచుటకు జడ్సన్ దొరగారును ఆయనతో కూడ వెళ్లెను. మంచి గాలి, ఎదుట సముద్రము, ఇంగ్లీషువారి న్యాయము, మతమును గూర్చి భయము లేదు. అదియే రాజధాని యగునని అందరును అనుకొనిరి. చక్కగా ఆలోచించి, ప్రార్థించి, విశ్వాసులను ముందుగా పంపి, 1826 జూలై ఆరంభములో కుటుంబముతో ఆమ్హర్‌స్టునకు చేరిరి.

మానవ దృష్టికి ఇంతకంటె మంచి యెంపిక లేదు. అయితే ఏమి జరిగెనో చూడుడి.

చేరిన కొద్ది దినములకే క్రాఫర్డు దొర ఆవాకు రాయబారమునకు పోవుచు, దుబాసీగా రావలెనని ఆయనను బతిమాలెను. బర్మా దేశములో మతస్వేచ్ఛ కలుగునట్లు ఒడంబడికలో ఒక షరతు వ్రాయింపవచ్చునను ఆశతో ఆయన ఒప్పుకొనెను. దొరసానిగారు ఆమ్హర్‌స్టులో వెదురు ఇల్లు కట్టించి, చిన్న బడి పెట్టించి, భర్త కొరకు కనిపెట్టుచుండెను. చెరసాల దినములలో చిక్కిపోయిన ఆ శరీరము జ్వరమునకు తాళలేకపోయెను. 1826 అక్టోబరు 24న ఆమె మృతిపొందెను. ఆమె వయస్సు 36 సంవత్సరములు. ఆవాలో నున్న భర్తకు నల్లముద్ర వేసిన ఉత్తరము వచ్చినప్పుడు, బిడ్డ చనిపోయినదేమోయని తలంచి విప్పెను. చనిపోయినది భార్య. ఆయన ఆశపడిన షరతు ఒడంబడికలో చేరనేలేదు. 1827 జనవరిలో ఆయన ఆమ్హర్‌స్టునకు తిరిగి వచ్చెను. ఏప్రిల్‌లో రెండు సంవత్సరములు దాటిన మరియయు పోయెను. తల్లి సమాధి ప్రక్కనే, ఒక చెట్టు నీడను బిడ్డకు సమాధి త్రవ్విరి.

ఇంతలో ఆ క్రొత్త పట్టణము సంగతియు తలక్రిందులాయెను. సేనాధిపతియైన క్యాంబెల్ దొర ఆమ్హర్‌స్టు దండునకు తగదని యెంచి, నదిలో 25, 30 మైళ్లు లోపలికి, మర్తబానుకు ఎదుటనున్న మౌల్మేనులో తన దండును దించెను. దండు ఎచ్చటనుండునో బజారు అచ్చటికి వచ్చును. జనులు వేలకొలదిగా మౌల్మేనుకు చేరిరి. ఆమ్హర్‌స్టులో ఇండ్లు ఖాళీయాయెను.

ప్రియులారా, ఇచ్చట మనము ఆగి ఆలోచింపవలెను. ఆమ్హర్‌స్టులో ఆయన కేమి మిగిలెను? వెదురు ఇల్లు, రెండు సమాధులు. మౌల్మేనులో ఏమి యుండెను? జనులు. బ్రదికియున్నవారిని విడిచిపోవుటకంటె సమాధులను విడిచిపోవుట కష్టము. మన పల్లెలలో తండ్రితాతల సమాధులున్న దొడ్డిని విడువలేక ఏడ్చినవారిని మేము చూచియున్నాము. అయినను ఆయన 1827 సంవత్సరములోనే సమాధులను దేవుని చేతికి అప్పగించి మౌల్మేనుకు తరలిపోయెను. నేను ఏర్పరచుకొన్న ఊరే నిజమైన ఊరని ఆయన పట్టుపట్టలేదు. సువార్త ఎవరికొరకో వారున్న చోటికి పోయెను.

వెంటనే సుఖము కలిగెనని చెప్పము. అట్లు చెప్పుట అబద్ధమగును. దుఃఖము ఆయనను చాల కాలము విడువలేదు. 1828లో ఆయన అడవిలో ఒక గుడిసె వేసికొని, తన సమాధిని తానే త్రవ్వుకొని, దాని యొద్ద కూర్చుండి మరణమును ధ్యానించుచుండెను. దేవుని గొప్ప సేవకులకును ఇట్టి చీకటి దినములు కలవు. సంఘములో దుఃఖముతో నలిగినవారిని విశ్వాసము లేనివారని మనము నిందింపకూడదు. కొంతకాలమునకు ప్రభువు ఆయనను మెల్లగా లేవనెత్తెను.

ఆ తరువాత మౌల్మేను ఆ మిషనుకు కేంద్రమాయెను. 1830లో ముద్రాయంత్రము అచ్చటికే వచ్చెను. 1834 జనవరి 31న జడ్సన్ దొరగారు అచ్చటనే బర్మా బైబిలు తర్జుమాను ముగించెను. దానిని మరల సరిచూచి, 1840లో ముద్రింపించెను. బర్మా క్రైస్తవులు నేటికిని ఆ బైబిలు చదువుచున్నారు. ఆయన 1850 ఏప్రిల్ 12న ఓడలో ప్రయాణించుచు మృతిపొందెను; శరీరమును సముద్రములోనే దించిరి. ఇన్ని రేవులను చూచిన ఆయనకు ఏ రేవులోను సమాధి లేదు.

తరువాతి కాలమున మన తెలుగువారును విశాఖపట్నము, కాకినాడ రేవులనుండి వేలకొలదిగా కూలికి బర్మా పోయిరి. వారిలో అనేకులు రంగూనులోనే స్థిరపడుదుమని తలంచిరి. 1942లో యుద్ధము వచ్చినప్పుడు ఎంతోమంది కట్టుబట్టలతో కాలినడకన తిరిగి రావలసివచ్చెను. పట్టణములు మన చేతిలో నిలుచునవి కావని మన పెద్దలకును తెలిసిన సంగతియే.

ఆ కుటుంబమువారు మరల వచ్చినప్పుడు మేము ఈ చరిత్రను వారికి చెప్పితిమి. పట్టణమును పేరునుబట్టి యెంచవద్దంటిమి. అచ్చట మీ చేతులకు న్యాయమైన పని యున్నదా? ఆదివారమున మీరు కూడుకొనుటకు సంఘమున్నదా? మీ కొరకు కనిపెట్టుచున్న మనుష్యు లున్నారా, లేక జీతము మాత్రమే యున్నదా? ఇవి విచారించి, ప్రార్థించి, ధైర్యముగా ఒకదానిని ఏర్పరచుకొనుడంటిమి. పొరపాటు జరిగిన యెడల సిగ్గుపడక మరల కదలవచ్చును. జడ్సన్ దొరగారు కదలెను. రేపేమి సంభవించునో మనకు తెలియదని యాకోబు వ్రాసినది మనలను భయపెట్టుటకు కాదు, మన ఆలోచనలను ప్రభువు చిత్తమునకు లోపరచుకొనుటకే.

ఆ తండ్రి కొంతసేపు ఊరకుండి, బంధువులున్న పట్టణమునకే పోదుమని చెప్పి లేచెను. అది సరియైన యెంపికయో కాదో మేమెరుగము. వారి కొరకు ప్రతి సాయంకాలము ప్రార్థించుచున్నాము. మీలోను ఈ సంవత్సరము ఊరు విడిచి పోవువారుందురు. పోవువారును, ఊరిలో నిలిచియుండి వారి కొరకు కనిపెట్టువారును, మనకు నిలువరమైన పట్టణము ఇక్కడ లేదని జ్ఞాపకముంచుకొని, రాబోవుదాని కొరకు కలిసి ఎదురుచూతము గాక. ఆమేన్.