చంద్రశేఖర వేంకట రామన్

సర్ చంద్రశేఖర వేంకట రామన్ (నవంబర్ 7, 1888 - నవంబర్ 21, 1970) సుప్రసిద్ధ భారతీయ భౌతిక శాస్త్రవేత్త. కాంతి పరిక్షేపణంపై చేసిన పరిశోధనలకు 1930లో నోబెల్ బహుమతి పొందారు. విజ్ఞాన శాస్త్రంలో ఈ బహుమతి అందుకున్న మొదటి ఆసియావాసి ఆయనే. రామన్ ఫలితం పేరు వినని విద్యార్థి ఉండడు గానీ, ఆ పరిశోధన నీటి రంగును గురించిన ఒక ప్రశ్నతో మొదలైందని తెలిసినవారు తక్కువ. ఆ ప్రశ్నకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఇవ్వబడింది.

బాల్యము, విద్య

రామన్ తిరుచిరాపల్లి సమీపంలోని తిరువానైకావల్‌లో చంద్రశేఖర అయ్యర్, పార్వతి అమ్మాళ్ దంపతులకు జన్మించారు. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాల ఉపన్యాసకులుగా ఉద్యోగం రావడంతో కుటుంబం అక్కడికి తరలివచ్చింది. రామన్ విద్యాభ్యాసం విశాఖలోని సెయింట్ అలోషియస్ పాఠశాలలోను, తరువాత తండ్రి పనిచేసే కళాశాలలోను సాగింది. పదకొండవ ఏట మెట్రిక్యులేషన్ ముగించారు. 1903లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఎ., 1907లో ఎం.ఎ. పట్టాలు పొందారు. ఆ ఏడే లోకసుందరితో వివాహం, కలకత్తాలో ఆర్థిక శాఖ ఉద్యోగం. పగలు కార్యాలయం, మిగిలిన వేళల్లో మహేంద్రలాల్ సర్కార్ 1876లో నెలకొల్పిన విజ్ఞాన పరిషత్తు ప్రయోగశాల. ఇలా పదేళ్ళు గడిచాక, 1917లో మంచి జీతమున్న ప్రభుత్వోద్యోగాన్ని వదలుకొని కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవి స్వీకరించారు.

సముద్రపు నీలం

1921లో విశ్వవిద్యాలయాల మహాసభకు ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన రామన్, ఎస్.ఎస్. నార్కుండా అనే ఓడలో తిరిగి వచ్చారు. విశాఖ తీరంలో పెరిగిన పిల్లవాడికి సముద్రం కొత్త కాదు. అయినా ఆ నీలాన్ని ఒక శాస్త్ర సమస్యగా ఆయన చూసింది మధ్యధరా సముద్రం మీదనే. సముద్రపు నీలం కేవలం ఆకాశపు నీలం ప్రతిబింబమని లార్డ్ రేలీ 1910లో తెలిపారు. ఆకాశపు రంగును వివరించిన మహానుభావుడు కనుక ఆ మాటను ఎవరూ పెద్దగా శంకించలేదు.

రామన్ వద్ద ఉన్న సాధనం ఒక చిన్న నికోల్ పట్టకం మాత్రమే. నీటి ఉపరితలంపై సుమారు 53 డిగ్రీల కోణంలో పడి పరావర్తనం చెందిన కాంతి పూర్తిగా ధ్రువణం చెందుతుంది. పట్టకాన్ని తగిన విధంగా తిప్పితే ఆ కాంతి కంటికి చేరదు. రేలీ చెప్పినది నిజమైతే అప్పుడు సముద్రపు నీలం మాయం కావాలి. కాని నీలం మరింత చిక్కబడింది! కనుక ఆ కాంతి నీటి లోపలి నుండే వస్తున్నదని తేలింది. ఓడ బొంబాయి చేరగానే ఈ విషయాన్ని నేచర్ పత్రికకు లేఖగా పంపారు. మరుసటి ఏడు రాయల్ సొసైటీ ప్రచురణలో సవివరమైన పత్రం వెలువడింది. నీటి అణువుల సాంద్రతలో ఎడతెగక కలిగే సూక్ష్మమైన హెచ్చుతగ్గుల వల్ల కాంతి చెదరుతుందని, ధూళి లేని గాలికంటె అదే ఘనపరిమాణం గల నీరు సుమారు 150 రెట్లు ఎక్కువగా కాంతిని పరిక్షేపిస్తుందని అందులో వివరించారు.

ఇక్కడ ఒక సవరణ అవసరం. నీటికి రంగు, రుచి, వాసన ఉండవని బడిలో మనమందరం చెప్పుకున్నాం, చెప్పాం కూడా. రంగు విషయంలో అది పూర్తిగా నిజం కాదు. నీటి అణువులోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం కంపిస్తూ ఉంటుంది. ఆ కంపనాల ఉన్నత స్వరాలు కొన్ని దృశ్యకాంతిలోని ఎరుపు కొసపై పడి, ఎర్రని కాంతిని కొద్దికొద్దిగా శోషిస్తాయి. గ్లాసులో ఇది తెలియదు, కొన్ని మీటర్ల లోతుంటే తెలుస్తుంది. నీటి నీలానికి ప్రధాన కారణం ఈ శోషణమేనని నేటి అవగాహన. మణుగూరు కర్మాగారంలో తయారయ్యే భారజలంలో హైడ్రోజన్‌కు బదులు బరువైన డ్యుటీరియం ఉంటుంది. అందువల్ల కంపనాలు నెమ్మదించి, ఆ శోషణ కంటికి కనబడని పరారుణ ప్రాంతానికి జరిగిపోతుంది. భారజలం దాదాపు రంగులేనిదే. అంతమాత్రాన రామన్ పొరబడ్డారనడం న్యాయం కాదు. ఎరుపును నీరు శోషిస్తుందని ఆయనకు తెలుసు. పరిక్షేపణమే లేకుంటే లోతైన నిర్మల సముద్రం నీలంగా కాక నల్లగా కనబడేది. పరిక్షేపణానికి ఆయన ఇచ్చిన పాలు కొంత ఎక్కువ, అంతే.

రామన్ ఫలితం

1923లో శిష్యుడు కె.ఆర్. రామనాథన్, శుద్ధిచేసిన నీటిలో చెదరిన కాంతితో పాటు రంగు మారిన అతి మందమైన వెలుగును గమనించారు. మలినాల వల్ల వచ్చే ప్రతిదీప్తి అని మొదట అనుకున్నారు. ఎంత శుద్ధిచేసినా అది పోలేదు. 1928 ఫిబ్రవరి 28న రామన్, కె.ఎస్. కృష్ణన్‌ల కృషి ఫలించి, అది అణువుల కంపనాల వల్ల కలిగే కొత్త రకం పరిక్షేపణమని స్థిరపడింది. పాదరస దీపపు 435.8 నానోమీటర్ల ఊదారంగు కాంతిని నీటిలోకి పంపితే, అందులో అత్యల్ప భాగం సుమారు 510 నానోమీటర్ల ఆకుపచ్చగా బయటికి వస్తుంది. తగ్గిన శక్తిని నీటి అణువు తన కంపనానికి తీసుకున్నదన్నమాట. అంటే నీటి రంగుకు మూలమైన కంపనమే ఈ ప్రయోగంలోనూ బయటపడింది.

ఈ పద్ధతితో ఐ. రామకృష్ణారావు 1930ల తొలి సంవత్సరాలలో నీటిని మూడు స్థితులలోను పరిశీలించారు. ఆవిరిలో సన్నగా ఉండే గీత, ద్రవంలో వెడల్పాటి పట్టీగా మారి తక్కువ పౌనఃపున్యం వైపు జరుగుతుంది, మంచులో ఇంకా జరుగుతుంది. అణువుల మధ్యనున్న హైడ్రోజన్ బంధాల బలమే దీనికి కారణమని నేడు తెలుసు.

అదే కాలంలో మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ స్ఫటికాలలో ఈ ఫలితాన్నే స్వతంత్రంగా కనుగొన్నారు. బహుమతి మాత్రం రామన్ ఒక్కరికే దక్కింది. ప్రయోగాలలో సగం భారం మోసిన కృష్ణన్ పేరు పాఠ్యపుస్తకాలలో తగినంతగా కనిపించకపోవడం విచారకరం.

తరువాతి జీవితం

1933లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి భారతీయ సంచాలకులయ్యారు. పాలనలో వచ్చిన విభేదాల వల్ల 1937లో ఆ పదవి వదలి, 1948 వరకు ఆచార్యులుగా కొనసాగారు. తరువాత తన పేరనే పరిశోధనా సంస్థ స్థాపించుకున్నారు. కలకత్తాలో ఆయన వద్ద పనిచేసిన ఆగిరిపల్లి వాసి సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసి, 1957లో అదే బెంగళూరు సంస్థకు సంచాలకులయ్యారు.

రామన్‌కు 1954లో భారతరత్న లభించింది. 1970 నవంబర్ 21న బెంగళూరులో మరణించారు. అంత్యక్రియలు ఆయన సంస్థ ఆవరణలోనే జరిగాయి. ఫిబ్రవరి 28ని 1987 నుండి జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నారు.