పట్టాభి బీమా దీక్ష

భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిని దేశము కాంగ్రెసు చరిత్రకారులుగా స్మరించును. వారి వేరొక సేవను మేమిట స్మరింపగోరుచున్నాము. 1880లో గుండుగొలనులో జన్మించిన వారు మచిలీపట్టణమున వైద్యవృత్తి సాగించి, దానిని విడిచి దేశకార్యమునకు దిగిరి. ఆంధ్రుల ధనము ఆంధ్రుల యక్కరకు రావలెనని 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. 1956లో జీవితబీమా జాతీయమయ్యెను. 1959లో వారు హైదరాబాదులో పరమపదించిరి.

ఆ నగరమునందలి మౌలాలిలో నేడు కారు నడుపువాడు చట్టమునకు లోబడి ప్రీమియము చెల్లించుచున్నాడు. ఒకని నష్టమును పదుగురు పంచుకొనుటయే బీమా ధర్మము. లాభాపేక్ష ముదిరినచో ఆ ధర్మము మరుగుపడును. వాహనదారులే యజమానులై, మిగులు ధనము తమకే దక్కు సహకార బీమా మనకేల యుండరాదు? పట్టాభిగారు వేసిన బాటలో మిగిలిన యడుగు ఇదియే.