లెక్కల పట్టా, లా పట్టా: సర్ షా సులైమాన్

బీఎస్సీ చదివి లాలో చేరతానంటే, సైన్స్ చదువంతా దండగేనా అని పెద్దలు కంగారు పడతారు. సర్ షా ముహమ్మద్ సులైమాన్ జీవితం చూస్తే ఆ కంగారు అక్కర్లేదనిపిస్తుంది.

ఆయన 1886లో జౌన్‌పూర్ కుటుంబంలో పుట్టారు. తండ్రి వకీలు. అలహాబాద్‌లో డిగ్రీ చేసి కేంబ్రిడ్జ్ వెళ్లారు. అక్కడ 1909లో గణితం, మరుసటి ఏడాదే న్యాయశాస్త్రం పాసయ్యారు. ఆపై డబ్లిన్ యూనివర్సిటీ నుంచి లా డాక్టరేట్ కూడా తెచ్చుకున్నారు.

తిరిగొచ్చి వకాలత్ మొదలుపెట్టి, 1932లో అలహాబాద్ హైకోర్టు చీఫ్ జస్టిస్ అయ్యారు. 1933లో మీరట్ కుట్ర కేసు అప్పీలు ఆయన ముందుకొచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు ముజఫ్ఫర్ అహ్మద్‌కు కింది కోర్టు వేసిన యావజ్జీవ ద్వీపాంతర శిక్షను మూడేళ్లకు తగ్గించారు. కొందరు నిర్దోషులుగా బయటపడ్డారు. 1937లో ఏర్పడ్డ ఫెడరల్ కోర్టు తొలి ముగ్గురు జడ్జీల్లో ఆయనొకరు.

జడ్జి అయినా లెక్కలు వదల్లేదు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్నే ప్రశ్నిస్తూ పరిశోధన పత్రాలు రాశారు. సైన్స్ లోకంలో ఆ వాదన నిలబడలేదు, ఐన్‌స్టీన్ సిద్ధాంతమే నెగ్గింది. కానీ కోర్టు పని చూసుకుంటూనే అంత పెద్ద ప్రశ్న వేసే ధైర్యం మొదటి చదువే ఇచ్చింది.

అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా ఉండగానే, 1941లో 55 ఏళ్లకు కన్నుమూశారు.

నేడు మన బీఎస్సీ పిల్లలు లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరొచ్చు. అమ్మానాన్నలు అడ్డు చెప్పే ముందు ఈ జీవితాన్ని ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.