ముప్పదియైదవ యేట ఓనమాలు: బిషప్ అజరయ్యగారి జీవితము

మంచిర్యాలలోనో పెద్దపల్లిలోనో రైలెక్కి బెజవాడ వైపు పోవువారికి మానుకోట దాటిన పిదప డోర్నకల్లు జంక్షను తగులును. కొత్తగూడెము నుండి వచ్చు బొగ్గుబండ్లు ప్రధానమార్గమున కలియు తావది. ఆ యూరిలో 1939వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన పెద్ద చర్చి గలదు. దాని స్తంభములు మన గుడుల స్తంభములను, గుమ్మటములు మసీదులను తలపించును. దానిని కట్టించినవారు తెలుగువారు కారు. తెలుగు నేర్చి మనవారైనవారు. వారి చరిత్ర ఒక గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో చేరదగినదని తలచి వ్రాయుచున్నాను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై యను పల్లెలో జన్మించిరి. తండ్రి ఆంగ్లికను సంఘమున, అనగా ఇంగ్లండు దేశపు క్రైస్తవ సంఘశాఖలో, గ్రామగురువు. అజరయ్యగారు మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టము పుచ్చుకొనలేదు. 1895 నుండి క్రైస్తవ యువజన సంఘమునకు కార్యదర్శియై దక్షిణదేశమంతట తిరిగి పేరు గడించిరి. 1902లో యాళ్పాణమునకు పోయి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమవారినే బోధకులుగా పంపుట చూచిరి. మరుసటి యేడు ఆయన చొరవతో తిరునెల్వేలివారు భారత మిషనరీ సంఘమును స్థాపించి, నిజాము రాజ్యములోని డోర్నకల్లును తమ సేవాస్థలముగా ఎన్నుకొనిరి. ఇతరులను పొమ్మని చెప్పి తాము కదలకుండుట అజరయ్యగారికి సరిపడలేదు.

ఆంగ్లికను సంఘమున గురుత్వము ఒక్కనాట లభించునది కాదు. వేదగ్రంథమును, సంఘచరిత్రను, ప్రార్థనాక్రమమును అభ్యసింపవలెను. 1662వ సంవత్సరపు ప్రార్థనాగ్రంథము ప్రకారము ఇరువదిమూడేండ్లు నిండినవానిని బిషప్పు పరీక్షించి, శిరస్సుపై చేతులుంచి ముందుగా డీకనుగా నియమించును. డీకనన్నచో పరిచారకుడు. పేదలను, రోగులను కనిపెట్టుట, గురువునకు తోడ్పడుట వాని పని. సాధారణముగా ఒక యేడట్లు సేవచేసినవానికే గురుదీక్ష. అనగా అధికారమునకు ముందు ఊడిగము నేర్పుదురు.

అజరయ్యగారు 1909లో కార్యదర్శి పదవి విడిచి దీక్ష గొనిరి. భార్య అన్బుగారితోను బిడ్డలతోను డోర్నకల్లు చేరిరి. తమిళము మాతృభాష, ఆంగ్లము సభలలో మాటలాడు భాష, తెలుగు మాత్రము రాదు. మహాసభలలో ఉపన్యసించినవారు ముప్పదియైదవ యేట బడిపిల్లవానివలె తెలుగు అక్షరములు దిద్దిరి. శాస్త్రములెన్ని చదివినను, ఎదుటివాని మాట తెలియనివాడు వానికి గురువెట్లగును? ఆయన సిద్ధతలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచునది ఈ ఘట్టమే.

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో మహాసభలో, దొరలు భారతీయులకు ధనమును శ్రమను ఇచ్చినంతమాత్రమున చాలదనియు, సమానుల స్నేహము కావలెననియు నిర్భయముగా పలికిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన ప్రథమ భారతీయులు వారే. నల్లవాని క్రింద తెల్లవారెట్లు పనిచేయుదురని అభ్యంతరము చెప్పినవారు కలరు. మొదట చిన్న మండలమునే అప్పగించిరి. 1920లో అది ఎంతో విస్తరించెను. ఆ యేడే, పట్టము లేని ఆయనకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమొసగెను.

తాము నేర్చిన పాఠమునే ఆయన ఇతరులకు నేర్పిరి. డోర్నకల్లులో గ్రామస్థులకు గురుశిక్షణ నిచ్చు పాఠశాల నడచెను. భార్యలకును చదువు చెప్పించిరి, ఏలయన పల్లెలో గురువుగారి ఇల్లే జనులు చదువు మొదటి పుస్తకము. 1935 నాటికి ఆ మండలమున సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండువేలకు పైగా గ్రామోపాధ్యాయులు ఉండిరి. ఊరివెలుపల నుంచబడిన వాడల బిడ్డలలో అనేకులు పలక పట్టినది ఆ ఉపాధ్యాయుల యొద్దనే.

మతాంతరముల విషయమున గాంధీమహాత్మునకు ఆయనతో గట్టి భేదాభిప్రాయముండెను. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదనుటలో మాత్రము అజరయ్యగారు జాతీయవాదుల పక్షమే వహించిరి. ఆయన మతమును అంగీకరింపనివారు కూడ ఆయన శ్రమను కాదనజాలరు.

1945 జనవరి 1న డోర్నకల్లులోనే పరమపదించిరి. ఆయన కలగనిన దక్షిణ ఇండియా ఐక్య సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. డోర్నకల్లు మండలము నుండి 1978లో మన కరీంనగరము వేరు మండలమాయెను.

లెక్కలు వ్రాసి జీవించు నేను నడివయస్సున ఈ గ్రంథాలయపు బల్లపై కూర్చుండి భారతము మొదలిడినప్పుడు, ఈ వయసున చదువేమని నవ్వినవారు కలరు. అప్పుడు అజరయ్యగారి కథ తెలిసియున్నచో బదులు చెప్పియుందును. ఈ యూర ఇంకను పుస్తకము తెరువని పెద్దలెవరైన నుండిరేని, సిగ్గు విడిచి రండు. తలుపు తెరచియే యున్నది.